కొత్త లాప్‌టాప్‌కి రన్నింగ్-ఇన్

నవంబరు 4, మంగళవారం

వచ్చింది! మా సత్య సొంత జీతంతో కొనుక్కున్న లాప్‌టాప్ ఇప్పుడు మా గోపాలపట్నం ఇంట్లో, దేవుడి గూటి కింద, స్టూలు మీద కూర్చుని ఉంది. అప్పడమంత పల్చగా ఉంది. మూత తెరవగానే వెలుగు ఎదురు గోడ దాకా పడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెలుగు వల్లే అనుకో.

పైడితల్లి కుంకుమ భరిణె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, మూత మీద ఒక్క సుక్క సాలు. కన్నాల్లోకి ఎల్తే పాడైపోద్ది" అంది సత్య.

"పూజ సేత్తే పాడైపోయే వస్తువేటే అది? దసరాకి మీ నాన్న క్రేనుకి ఒల్లంతా పసుపు రాసీవోరు. పాడైపోయిందేటి?"

నా భార్య ఇలాంటప్పుడు ప్లీడరులా మాట్లాడుతుంది. ఆఖరికి ఒక్క చుక్కకి ఒప్పుకుంది. నేను నిమ్మకాయ తేబోతే ఇద్దరూ కలిసి నన్నే కసిరారు.

రాయకుండా ఉండలేను. ఉద్యోగమంతా పోర్టులో క్రేను నడిపాను. బొగ్గు, మాంగనీసు, యూరియా... ఓడ కడుపులోంచి ఎత్తి బెర్తు గట్టు మీద పోశాను. ఎన్ని టన్నులు పోశానో తేల్చి చెప్పే సర్వేయర్లు నెత్తిన టోపీలు పెట్టుకుని కింద నడిచి వెళ్లేవారు. పైన క్యాబిన్‌లోంచి చూస్తే మొహాలు కనిపించేవి కావు, టోపీలే. ఇప్పుడు ఆ టోపీ కింద ఉన్నది నా కూతురు! ఓడ పక్కన రాసి ఉన్న అంకెలు చూసి, ఓడ నీళ్లలో ఎంత లోతుకి దిగిందో చదివి, దాన్ని బట్టి లోపల సరుకెంతో లెక్క కడుతుంది. కాటా లేదు, తూకపురాయి లేదు. సముద్రమే కాటా! తొమ్మిదో తరగతి తప్పినవాడి కూతురు సముద్రంతో తూకం వేస్తోంది. ఈ మాట ఎన్నిసార్లు రాసినా చేతికి నొప్పి పుట్టదు.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. పైడితల్లి సముద్ర స్నానానికి వెళ్లి వచ్చింది. సత్య ఓడ పనికి వెళ్లి వచ్చింది. ఒకరు దీపం పెట్టుకుని వచ్చారు, ఒకరు దీపం ఆరిన మొహంతో వచ్చారు.

"పట్టుమని మూడు గంటలు రాలేదు నాన్నా. మద్యాన్నానికి బ్యాటరీ సచ్చిపోయింది. ఓడలో ప్లగ్గు మనది కాదు, గుండ్రటి కన్నాలు. ఓడ ఆఫీసరు నా ఎనకాలే నిలబడి గడియారం సూసుకుంతన్నాడు. ఆకరికి కాగితం మీద ఎక్కాల్లాగ లెక్క కట్టి ఇచ్చినాను."

"కట్టినావు కదా!" అన్నాను. నాకైతే అది ఇంకా గొప్పగా అనిపించింది.

కానీ విషయం అది కాదు. లంగరేసి సముద్రంలో ఆగి ఉన్న ఓడల పనికి ఈ నెల ఎవరో ఒకరిని ఖాయం చేస్తారట, వాళ్ల ఆఫీసరు తిరుమలరావు గారు. సత్యనో, తనతో పాటు చేరిన మోహనకృష్ణనో. రెండోవాళ్లు ఇక ఆఫీసులో కూర్చుని రిపోర్టులు టైపు చేసుకోవాలి. లాంచీ ఎక్కి పొద్దున వెళ్తే సాయంత్రం గానీ వెనక్కి రాలేని పని అది. రోజంతా ఆగని లాప్‌టాప్‌తో పంపను అన్నారట.

"నాకు సముద్రం పని కావాల నాన్నా. టైపింగు సేత్తా కూకోలేను."

"లాప్‌టాప్ సంగతి నాకొగ్గీ. నాను సూసుకుంతాను."

"నీకొచ్చా?"

"ఓసి, అంతెత్తు క్రేను అరిచేతిలో ఎట్టుకుని ఆడించినోడ్ని. ఇదెంత, అప్పడం."

నవ్వింది. ఆఫీసులో వేరే కంప్యూటర్ ఉంది కాబట్టి, ఓడ లేని రోజుల్లో ఇది నా దగ్గర ఉంచడానికి ఒప్పుకుంది.

నవంబరు 6, గురువారం

ఈ రోజు నా జీవితంలో గుర్తుంచుకోవలసిన రోజుల్లో ఒకటి.

ఫోనులో తెలుగు వీడియోలు పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ తెరవగానే వాటంతట అవే లేచి పనిలోకి వచ్చే ప్రోగ్రాముల పట్టీ ఒకటి ఉంది. చూసి నిర్ఘాంతపోయాను. ఇది అచ్చం మా పాత డాక్ గ్యాంగు! పొద్దున్నే అందరూ మస్తరులో హాజరు వేయించుకునేవాళ్లు, సరుకు మోసేవాళ్లు నలుగురు, మిగతావాళ్లు షెడ్డు నీడన తువ్వాలు పరిచేవాళ్లు. ఇక్కడా అంతే. మనం అడగని ఆటలు, మనకక్కర్లేని అంగడి ప్రకటనలు, వానలు పడతాయా లేదా అని చెప్పేవాడొకడు. కిటికీ తెరిస్తే తెలీదా? వీళ్లందరూ లోపల కూర్చుని నా కూతురి బ్యాటరీ తాగుతున్నారు!

పైగా వైరస్ రాకుండా కాపలాకి ఒకడు ముందే ఉండగా, కంపెనీవాడు నెలరోజులకి ఉచితం అని ఇంకొకణ్ణి పెట్టి పంపాడు. ఒకే గేటుకి ఇద్దరు వాచ్‌మెన్లు. ఇద్దరూ రోజంతా ఒకడి సంచీ ఒకడు వెతుక్కుంటున్నారు. ఇక బండి ఎప్పుడు కదులుతుంది?

అయితే తొందరపడలేదు. పేరు తెలియని స్విచ్చి ముట్టుకోకూడదు అన్నది క్రేను ఎక్కిన మొదటిరోజు నేర్చుకున్న పాఠం. సత్యకి ఫోను చేసి ఒక్కో పేరూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"నాన్నా, మీటింగులో ఉన్నాను."

"అవునో కాదో సెప్పు సాలు. ఈడు ఉండాలా, ఎల్లిపోవాలా?"

"ఎల్లిపోవాల."

ఇంకొకటి చదివాను. "ఆడు ఉండాల నాన్నా, ఆడు లేకపోతే మౌసు కదలదు." అవతల ఎవరో పకపకా నవ్వడం వినిపించింది. నవ్వనీ.

ఉండవలసినవాళ్లని ఉంచాను. మిగతావాళ్లకి దండం పెట్టి గేటు బయటికి పంపించాను. రెండో వాచ్‌మెన్‌ని కూడా. తర్వాత తెర వెలుగు తగ్గించాను. అది పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటులా మండుతోంది, లెక్కలకి అంత వెలుగు ఎందుకు? బొమ్మ సెకనుకి ఇన్నిసార్లు మారాలి అని ఒక అంకె ఉంది, దాన్ని సగం చేశాను. అంకెలు చూసుకునే పిల్లకి బొమ్మ అంత చురుగ్గా కదలనక్కర్లేదు.

సాయంత్రం పోర్టు వైపు పని ఉండి వెళ్లాను. తిరుమలరావు గారు కనిపించారు. ఆయన సరుకు లెక్క రాసే టాలీ గుమాస్తాగా ఉన్న రోజుల నుంచీ ఎరుగుదును, గోదావరి మనిషి, మర్యాదస్తుడు. ఒక మాట చెప్పి వచ్చాను. ఆయన సరే అన్నారు.

నవంబరు 7, శుక్రవారం

ఛార్జర్ తీసి ఏడు గంటలు దాటింది, లాప్‌టాప్ ఇంకా వెలుగుతూనే ఉంది! పైడితల్లికి చెబితే, "నానూ పొద్దుట్నుంచి ఎలుగుతానే ఉన్నాను, నాకెవులూ సప్పట్లు కొట్నేదు" అంది.

నవంబరు 9, ఆదివారం

వీర్రాజు బావ వచ్చాడు. పోర్టులో నాతో షిఫ్టు మార్చుకున్నవాడు. ఇప్పుడు కొత్త ఆటో కొని తనే తిప్పుతున్నాడు. దాని వెనక అట్టముక్క మీద 'రన్నింగ్-ఇన్' అని రాసి కట్టాడు.

"ఏటి బావా, నత్తలాగ వచ్చినావు?"

"కొత్త బండి బావా. మొదటి సర్వీసింగు దాకా నలబై దాటనివ్వను. లోపల పిస్టను, రింగులు ఒకదానికొకటి అలవాటు పడాల. కొత్తలో లాగించీసినావనుకో, జన్మంతా పొగే."

టీ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. అయ్యో, ఇంత అనుభవం ఉండి ఎంత పొరపాటు చేస్తున్నాను! కొత్త యంత్రాన్ని వచ్చిన రోజు నుంచీ పూర్తి వేగంతో పరిగెత్తిస్తున్నాం. క్రేనుకి కొత్త మోటారు బిగించినా ముందు ఖాళీ కొక్కెంతో ఆడించి, తర్వాత సగం బరువుతో ఆడించి, ఆ తర్వాతే పూర్తి బరువు ఎత్తేవాళ్లం. అదే కదా పద్ధతి!

బావ వెళ్లగానే వెతికాను. వీడియోలో చూపించినట్టే లోపల్లోపల ఒక గడి ఉంది, ప్రాసెసర్ ఎక్కువలో ఎక్కువ ఎంత పని చేయవచ్చు అని. అందులో వంద ఉంది. దాన్ని యాభై చేశాను. ఛార్జింగులో ఉన్నప్పుడూ యాభై, లేనప్పుడూ యాభై.

సత్యకి చెప్పలేదు. చిన్న విషయం. అలవాటు పడ్డాక నేనే నెమ్మదిగా అరవై, డెబ్భై చేసుకుంటూ వస్తాను. దానికి తెలియనే తెలియదు.

నవంబరు 11, మంగళవారం

సత్య ఇంట్లో కూర్చుని ఓడ లెక్క ప్రోగ్రాము తెరిచింది. తెర మీద గుండ్రం తిరుగుతూ కూర్చుంది. అది తిరిగినంతసేపూ నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"బ్యాటరీ బాగానే ఉంది నాన్నా. గానీ ఇదేటి, ఇంత బరువుగా నడుత్తంది?"

"కొత్తది కదా. అలవాటు పడతాది."

"అలవాటు పడీదేటి? ఇదేమన్నా కొత్త కోడలా?"

పైడితల్లి అందుకుంది: "కొత్త కోడలైతే బేగి పని సేస్తాది. పాతబడ్డాకే బరువు."

అందరం నవ్వుకున్నాం. అన్నం తింటూ సత్య ఇంకో మాట చెప్పింది. లంగరు ఓడ ఇంకొకటి మోహనకృష్ణకే ఇచ్చారట. లాప్‌టాప్ బాగోలేదు అంటున్నారట, బ్యాటరీ ఆగుతున్నా అలా ఎందుకంటున్నారో అర్థం కావట్లేదు అంది.

"నీ వంతు వస్తాది. కంగారెందుకు?" అన్నాను. నేను అన్నది నిజమే. వస్తుంది. రాకుండా ఎక్కడికి పోతుంది?

నవంబరు 12, బుధవారం

ఏమీ కాలేదు. కొత్త బండి. అంతే.

నవంబరు 13, గురువారం

ఈ రోజు ఎర్ర మట్టి ఓడ. బెర్తుకి కట్టి ఉన్నదే. సాయంత్రం సత్య వచ్చి చెప్పులు విడవకుండానే గడపలో కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. స్కూల్లో పరుగు పందెంలో పడిపోయినప్పుడు అలాగే కూర్చుంది.

అంకెలు చదవడం బాగానే చదివిందట. సముద్రపు నీళ్లు సీసాలో పట్టి ఎంత చిక్కగా ఉన్నాయో చూడడమూ అయిందట. లెక్క దగ్గర లాప్‌టాప్ ఆగిపోయింది. ఒక్కో అంకె వెయ్యగానే ఆలోచనలో పడిపోవడం. ఓడ ఆఫీసరు వంగి చూసి, "మీ యంత్రానికి జ్వరమా?" అని అడిగాడట. కింద బెర్తు మీదున్న తిరుమలరావు గారు ఓడ పైకి వచ్చి, ఏమీ అనకుండా చూసి దిగిపోయారట.

"బ్యాటరీ మాత్రం సగం ఉంది కదా!" అన్నాను.

"సగం బ్యాటరీ ఉంది నాన్నా. ఓడే ఎల్లిపోయింది."

సోమవారం లంగరులో బొగ్గు ఓడ ఉందట. పరీక్షకి మిగిలింది అదొక్కటే. దాని తర్వాత పేరు ఖాయం చేసేస్తారు. మోహనకృష్ణని అతని లాప్‌టాప్ ఒక్కరోజుకి ఇమ్మని అడుగుతానంది.

"మన బండి ఉండగా పరాయి బండి ఎందుకు?"

"మన బండి కదలదు కాబట్టి."

పైడితల్లి నా వైపు అదోలా చూసింది. సత్య స్నానానికి వెళ్లాక దగ్గరికి వచ్చింది. "ఏటి సేసినారు దాన్ని?"

"ఏటీ సేయలేదు. బాగు సేసినాను."

"మీరు బాగు సేసిన మిక్సీ ఇప్పుటికీ అటక మీదే ఉంది."

మిక్సీ వేరు, ఇది వేరు. ఒకసారి ఆ గడి తెరిచి వంద చేద్దామా అని చూశాను. చెయ్యి రాలేదు. నాలుగు రోజులకే వంద అంటే లోపల ఏమవుతుందో! ఆగలేక ఇప్పుడు లాగిస్తే తర్వాత మొత్తం యంత్రమే పోతుంది. మంచి కోసమే కదా. మంచి కోసమే.

నవంబరు 15, శనివారం

సత్యే నన్ను బయలుదేరదీసింది. లాప్‌టాప్ కొన్న ద్వారకా నగర్ కొట్టుకే వెళ్లాం. మార్చి ఇమ్మందామని తన ఉద్దేశం. నేను దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాను.

కొట్లో రిపేరు బల్ల దగ్గర ఆశాజ్యోతి అని ఒక అమ్మాయి ఉంది. జడని పెన్సిలుతో ముడి వేసుకుంది. సత్య చెప్పినదంతా విని, టకటకా నాలుగు నొక్కులు నొక్కింది. పట్టీ చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఇంత శుభ్రంగా ఎవరు పెట్టారండీ? నా బల్ల మీదికి వచ్చే వాటిలో సగానికి ఇదే రోగం. ఇది చేస్తే నాకు పనే ఉండదు."

"నానే తల్లీ!" అన్నాను. ఛాతీ ఎంత పొంగిందో!

మరో రెండు నొక్కులు నొక్కింది. ఆగింది. "మరి ఈ యాభై ఎవరు పెట్టారు?"

నేను కొట్లో ఉన్న ఫ్యాను వైపు చూశాను.

"నాన్నా?" అంది సత్య.

ఇక దాచి లాభం లేదు. గొంతు సవరించుకుని చెప్పాను. కొత్త యంత్రాన్ని మొదట్లో సగం వేగం మీదే నడపాలని, క్రేను మోటారు సంగతి, వీర్రాజు బావ ఆటో సంగతి, పిస్టను, రింగులు, అన్నీ. ఆశాజ్యోతి పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకుంది. నవ్వాపుకోవడానికి కాబోలు.

"అంకుల్, ఇందులో పిస్టన్లు లేవు. రాసుకుని అలవాటు పడాల్సినవేవీ లేవు. కొత్తదైనా పాతదైనా దీనికి ఒకటే."

"వేడెక్కిపోదా తల్లీ?"

"వేడెక్కితే తనే తగ్గుతుంది. పని లేకపోతే తనే పడుకుంటుంది. పని వచ్చినప్పుడు లేచి, గబగబా చేసేసి, మళ్లీ పడుకుంటుంది. మీరు కాళ్లకి తాడు కట్టారు. పని రెండింతలసేపు పట్టింది, అంతసేపూ తెర వెలిగింది. మీరు మిగిల్చిన బ్యాటరీ అంతా ఇంటిని శుభ్రం చెయ్యడం వల్ల మిగిలింది. ఈ యాభై వల్ల కాదు."

"మరి ఇందులో అరిగేదే లేదా?"

"బ్యాటరీ ఒక్కటి అరుగుతుంది. రోజూ ప్లగ్గులో పెట్టి నిండా నింపి ఉంచకండి. ఎనభైకి ఆగేలా ఇక్కడ పెడుతున్నాను. ఓడకి వెళ్లే ముందు రోజు మాత్రం నూరు నింపుకోమనండి."

గడిలో వంద కొట్టింది. సత్య ప్రోగ్రాము తెరిచింది. రెప్ప వేసి తీసేలోగా లెక్క వచ్చి కూర్చుంది! నా కూతురి మొహం! ఆ మొహం కోసం ఏదైనా చేస్తాను. చేశాను కూడా, అదే వచ్చిన తంటా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సత్య నవ్వుతూనే ఉంది. "రన్నింగ్-ఇన్! లాప్‌టాప్ ఎనకాల అట్టముక్క కట్టేవు కావు, అదే మేలు" అంది. నేనూ నవ్వాను. కంచరపాలెం దాటాక నవ్వడం ఆపి, ఒళ్లో సంచీ సర్దుకుంది.

"నాన్నా, ఒకటడుగుతాను. లంగరు ఓడ నాకు ఒక్కటీ రాలేదు. తిరుమలరావు గారితో నువ్వేటన్నా సెప్పినావా?"

నేను బస్సు టికెట్టుని నాలుగు మడతలు పెట్టాను.

"నన్ను కూడా యాబై మీదే ఎట్టీసినావేటి?"

ఎన్.ఎ.డి. కూడలి దగ్గర జనం ఎక్కారు. ఎవరికో సీటిచ్చి నేను లేచి నిలబడ్డాను.

నవంబరు 16, ఆదివారం

పొద్దున రాయడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరుమలరావు గారి ఇంటికి వెళ్లాను.

"ఏవండోయ్ గవర్రాజు గారూ, రండి రండి, కూర్చోండాయ్. కాఫీ తాగుతారా?"

"కాఫీకి రాలేదు సార్. ఆ రోజు ఒక మాట సెప్పినాను కదా, అది ఎనక్కి తీసుకుందారని వచ్చినాను."

ఏ మాటో ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. మా సత్య కొత్తది సార్, ముందు బెర్తు ఓడలే ఇవ్వండి, సముద్రంలోవి ఏడాది పోయాక చూద్దురు గాని అన్నాను. లాంచీలోంచి ఓడ మీదికి తాళ్ల నిచ్చెన ఎక్కాలి. కెరటానికి లాంచీ పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఏ మెట్టు మీద కాలు పెట్టాలో ఆ క్షణంలో తేల్చుకోవాలి. క్రేను పైనుంచి ఆ నిచ్చెన ఊగడం ఎన్నోసార్లు చూశాను. పరాయివాళ్ల పిల్లలు ఎక్కుతుంటే చూడముచ్చటగానే ఉండేది.

తిరుమలరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దాచేదేముందండీ? పెద్దమనిషి అడిగారని నేనూ సరేలే అనుకున్నాను. లంగరు ఓడలన్నీ ఆ అబ్బాయికే రాసేశాను. మీ అమ్మాయి ప్రతిసారీ వచ్చి, నన్నెందుకు పంపలేదు సార్ అని అడిగేదండి. ఏం చెప్పనండీ? మీ నాన్న వద్దన్నారు అననా? లాప్‌టాప్ బాగోలేదమ్మా అన్నాను."

కాఫీ వచ్చింది. తాగలేకపోయాను. లాప్‌టాప్ బాగోలేదని ఆయన ఊరికే అన్న మాటని నిజం చేసింది నేనే కదా!

"ఇప్పుడు బాగుంది సార్. వంద మీద ఉంది. మీరే సూడండి."

"మరి ఆ నిచ్చెన సంగతి మీకు తెలుసు కదండీ?"

"తెలుసు సార్. నాకు తెలిసిందే ఆ పిల్ల కాల్లకి అడ్డం పడింది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మీరు ఆపమంటే ఆపాను కదా అని, మీరు పంపమంటే పంపుతాననుకోకండాయ్. పని చూసి పంపుతాను. పని వచ్చండి ఆ అమ్మాయికి."

ఇంటికి వచ్చేసరికి సత్య వాకిట్లో ఉంది. "ఎక్కడికెల్లినావు?"

"తిరుమలరావు గారింటికి."

తీగ మీద ఆరిన బట్టలు తీయసాగింది. కాసేపటికి దాని ఫోను మోగింది. "ఆఁ సార్... రేపా సార్... వస్తాను సార్" అంది. పెట్టేసి నా వైపు చూసింది.

"సొక్కా బాగుంది నాన్నా."

నవంబరు 17, సోమవారం

కార్తీకంలో ఆఖరి సోమవారం. పైడితల్లి ఉపవాసం. నేనూ ఉపవాసమే అన్నాను. మీకెందుకు, షుగరు మనిషి అని ఇడ్లీ పెట్టింది. ముక్క తుంచి వదిలేశాను.

సత్య తెల్లారగానే బయలుదేరింది. టోపీ, లైఫ్ జాకెట్, లాప్‌టాప్ సంచీ. సంచీ నేను సర్దుతానని చెయ్యి చాచాను. తనే సర్దుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నూరు నింపినాను నాన్నా. పట్టీ కూడా సూసినాను. అక్కర్లేనోడు ఒక్కడూ లేడు."

ఇంట్లో ఉండలేకపోయాను. వీర్రాజు బావని పిలిచి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లమన్నాను.

"బావా, కొంచెం తొక్కు."

"రన్నింగ్-ఇన్ బావా."

"తొక్కరా బాబూ! నీ పిస్టన్లు నాను కొనిత్తాను!"

సముద్రం మీద ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. ఏది బొగ్గు ఓడో ఎంత చూసినా తెలియలేదు. ఇన్నేళ్లు పోర్టులో పనిచేశాను, ఒడ్డున నిలబడితే అన్నీ ఒకేలా ఉన్నాయి. గాలి ఉంది. కెరటాలు ఉన్నాయి. బావ వేరుశనక్కాయలు కొన్నాడు. ఇద్దరమూ తినలేదు.

"అదేనేమో బావా" అని ఒకటి చూపించాడు. సరే, అదే అనుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎండ నెత్తి మీదికి వచ్చినా కదలలేదు. అది కాకపోయినా పరవాలేదు. ఏదో ఒక ఓడ వైపు చూడాలి కదా.

చుక్కలు పొడిచాక పైడితల్లి దీపం పెట్టి విస్తరి వేసుకుంటోంది. అప్పుడు గేటు చప్పుడైంది. ఒళ్లంతా ఉప్పు, మోచేతి మీద గీరుకుపోయిన ఎరుపు, పెదవులు పగిలి ఉన్నాయి. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది!

"ముందు కాల్లు కడుక్కో" అంది వాళ్లమ్మ. అని కూతుర్ని వదలకుండా పట్టుకునే ఉంది.

"ఓడోల్ల లెక్క, నా లెక్క కలవలేదు నాన్నా. ఆల్లది ఎక్కువ సూపిత్తంది. మళ్లీ లాంచీలో ఓడ సుట్టూ తిరిగి అంకెలు సదివినాను. మళ్లీ లెక్క. మళ్లీ కలవలేదు. ఓడ ఒరక్కుండా అడుగు గదుల్లో పోసుకున్న నీల్లు మళ్లీ కొలవమన్నాను. అక్కడ దొరికింది తప్పు, ఆల్లదే! అప్పుడు ఆ ఆఫీసరు సంతకం ఎట్టి, టీ ఇప్పించినాడు."

"లాప్‌టాప్?"

"ఎన్నిసార్లు అడిగినా టక్కున సెప్పింది. దిగేసరికి ఇంకా మూడో వంతు ఉంది."

నేను గోడకి ఆనుకున్నాను. "ఎక్కీటప్పుడు బయమేసిందా?"

"ఎక్కీటప్పుడు కాదు నాన్నా. దిగీటప్పుడు." కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తకుండా అంది. "గానీ లాంచీ ఎప్పుడు లెగుత్తదో కనిపెట్టినాక, పరవాలేదు."

పైడితల్లి విస్తరిలోంచి మొదటి ముద్ద తీసి సత్య నోట్లో పెట్టింది. రెండో ముద్ద నాకు పెట్టింది. ఇడ్లీ తిన్నవాడికి ఉపవాసపు ముద్ద ఎందుకే అంటే, మీరు తిన్నదేటో నాకు తెల్దా అంది.

నవంబరు 20, గురువారం

లంగరు ఓడల పని సత్యకే ఖాయం అయింది! మోహనకృష్ణ మిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చాడు. నిచ్చెన ఎక్కినప్పుడల్లా కళ్లు తిరుగుతాయట, ఆఫీసు పనే హాయి అన్నాడు. ఎంత మంచి పిల్లాడు! వీర్రాజు బావకి ఫోను చేశాను, పాల పాకెట్ కుర్రాడికి చెప్పాను, చెప్పనివాళ్లెవరైనా మిగిలారా అని ఆలోచిస్తున్నాను.

ఈ రోజు ఇంకో ఓడ. రాత్రి లాప్‌టాప్ తనే ఛార్జి పెట్టుకుంది. నేను ఏ సెట్టింగూ ముట్టుకోలేదు.

పొద్దున తను జడ వేసుకుంటుండగా నూరు నిండిందో లేదో ఒక్కసారి చూశాను. నిండింది. చూడటం ముట్టుకోవడం కాదు.